దుమ్ముకు తేదీ ఎక్కడిది?

తాండూరులో దుమ్ము వార్త కాదు. గనుల నుంచి పాలిషింగ్ యూనిట్లకు నాపరాళ్ల లారీలు, ఫ్యాక్టరీల నుంచి బయటి ఊళ్లకు సిమెంటు లారీలు తిరిగినంత కాలం అది రోడ్డు మీద లేస్తూనే ఉంటుంది. కిటికీ ఊచల మీద, దుకాణంలో సరుకు మీద, బడికి వెళ్లే పిల్లల చొక్కాల మీద పడుతూనే ఉంటుంది. అక్కడ కాపురముండేవాళ్లకు ఇంతకు మించిన సమస్య లేదు. జిల్లా పేజీ దిద్దే సబ్ ఎడిటర్‌కు మాత్రం ఇంతకు మించిన పాత కబురు లేదు. పోయిన ఏడాది ఉంది, నిన్న ఉంది, వచ్చే ఏడాదీ ఉంటుంది. మరి ఈ రోజే ఎందుకు వేయాలి? కాలనీ సంఘాలు, యువజన సంఘాలు పంపే ప్రెస్ నోట్లలో చాలా భాగం ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. విలేకరి అమ్ముడుపోయాడనో, పత్రికలకు చిన్న ఊళ్లు పట్టవనో మనం అనుకుంటాం. కొన్నిసార్లు అదీ నిజమే కావచ్చు. ఎక్కువసార్లు జరిగేది మాత్రం వేరు. మనం ఇచ్చిన కాగితంలో బాధ ఉంటుంది, తేదీ ఉండదు.

వాడల సమస్యలన్నీ నెమ్మదిగా సాగేవే. పూడిపోయిన మురికి కాలువ, వెలగని వీధి దీపం, రంగు మారిన బోరు నీళ్లు, వానకొకసారి తెగే రోడ్డు, ఇవేవీ ఫలానా రోజున జరిగాయని చెప్పలేం. పత్రికా టీవీ నడిచేది జరిగినదాన్ని బట్టి. జరుగుతూ ఉన్నదానికి వాటిలో చోటు తక్కువ. పౌర సంబంధాల వృత్తిలో పిచింగ్ అంటారే, ఊరి భాషలో 'వార్త ఇవ్వడం' అంటారే, ఆ పనికి అసలు అర్థం నా లెక్కలో ఇదీ: నెమ్మదిగా సాగే కష్టంలో దాగిన నిజమైన తేదీని వెతకడం, దానికి కాగితం జతచేయడం, ఘోరం జరగకముందే విలేకరి చేతిలో పెట్టడం. పలుకుబడి, పరిచయాలు, విందులు ఆ తర్వాతి మాటలు. కంపెనీల తరఫున ఈ పని చేసేవాళ్లు పరిచయాలనే పెట్టుబడి అనుకుంటారు. వాడ తరఫున చేసేవాళ్లకు ఆ పెట్టుబడి ఉండదు. ఉండి తీరాలని కూడా లేదు.

తాండూరు కందినే చూడండి. అక్కడి నల్లరేగడి నేలల్లో వర్షాధారంగా కంది పండించడం ఈనాటిది కాదు. ఆ పప్పు రుచీ వాసనా వేరని కొనేవాళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. అయినా దేశంలోని పత్రికలన్నీ దాని పేరు రాసింది 2022 డిసెంబరులో. ఆ నెల కేంద్రం ప్రకటించిన తొమ్మిది భౌగోళిక గుర్తింపుల్లో అస్సాం గమోసా, అలీబాగ్ తెల్ల ఉల్లి సరసన తాండూరు కంది చేరింది. దరఖాస్తు చేసింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. శాస్త్రీయ ఆధారాల విషయంలో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం అండగా నిలిచింది. పప్పులో మాంసకృత్తులు 22 నుంచి 24 శాతమని, సున్నపురాయి పరుచుకున్న ఆ నేలలో అటాపుల్గైట్ అనే బంకమట్టి ఖనిజం ఉందని అప్పుడే లోకానికి తెలిసింది. (అదే సున్నపురాయి ఇటు పప్పుకు పేరు తెస్తోంది, అటు గాలికి దుమ్ము తెస్తోంది. తాండూరు గురించి రాసేవాళ్లెవరైనా ఈ సంగతిని దాటిపోకూడదు.) ఆ డిసెంబరులో పప్పు మారలేదు, నేల మారలేదు. అంతవరకు అందరి నోటా నానిన మాటకు ఒక తేదీ, ఒక రిజిస్ట్రేషన్ కాగితం, బాధ్యత తీసుకున్న ఒక సంస్థ పేరు దొరికాయి. విలేకరికి కావలసినవి ఆ మూడే.

తేదీ మనం వెతక్కపోతే అదే వెతుక్కుంటూ వస్తుంది, అదీ ఎలాంటి రూపంలోనో చెప్పలేం. 2025 నవంబరు 3 ఉదయం తాండూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఢీకొంది. ఆ రోజు తాండూరు పేరు దేశమంతా వినిపించింది. హైదరాబాద్–బీజాపూర్ దారి ఎంత ఇరుకో, అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల విస్తరణ ఎన్నేళ్లుగా నలుగుతోందో టీవీలు గంటల తరబడి చెప్పాయి. వాటిలో ఒక్క సంగతీ నవంబరు 2న లేనిది కాదు. ఆ దారిన రోజూ చదువులకు, కొలువులకు, ఆస్పత్రులకు పోయేవాళ్లు అన్నీ ఎరిగినవాళ్లే.

ఇదే రోడ్డు మీద ఇంకో ప్రచారం కూడా నడిచింది. దాన్ని చూడకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. విస్తరణలో దారి పొడవునా ఉన్న పాత మర్రిచెట్లు పోతాయని ప్రకృతి ప్రేమికులు అడ్డుపడ్డారు. దాదాపు తొమ్మిది వందల చెట్లను లెక్కపెట్టారు, ఒక్కొక్కటీ ఎక్కడుందో నమోదు చేశారు, ఫొటోలు తీశారు, జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. విచారణ జరిగిన ప్రతిసారీ వారికొక తేదీ దొరికింది, ప్రతి తేదీకీ పేరూ లెక్కా ఉన్న వార్త దొరికింది. 'చేవెళ్ల మర్రిచెట్లు' అనే మాట నగరంలో ఇంటింటికీ తెలిసింది. వారు చేసింది తప్పని నేననను. నిజానికి ఈ అధ్యాయంలో చెప్పే పద్ధతిని వారు చక్కగా పాటించారు. నేను పోల్చి చూపదలచింది రెండో పక్షాన్ని. రోడ్డు కావాలన్న మాట తాండూరు, పరిగి, వికారాబాద్ వైపు ఏళ్ల తరబడి వినిపించింది. కానీ లెక్కగా తక్కువ, డిమాండుగా ఎక్కువ వినిపించింది. ఏ మలుపు దగ్గర ఎన్ని ప్రమాదాలు, ఏ గంటలో ఎన్ని టిప్పర్లు, ఎన్ని బస్సులు, ఏ అధికారి సంతకం కోసం ఏ ఫైలు ఎప్పటి నుంచి ఆగింది అన్న పట్టికను చెట్ల పట్టిక పక్కన పెట్టగలిగి ఉంటే, చర్చ 'చెట్లా, రోడ్డా' అన్న దగ్గర చిక్కుకునేది కాదేమో. రెండు లెక్కలూ బల్ల మీద ఉన్నప్పుడు ఇంజనీరు ముందుకు వచ్చే ప్రశ్న వేరు: ఏ చెట్టును ఉంచి, ఏ మలుపును ముందు సరిచేయాలి?

నెమ్మది కష్టానికి తేదీ ఇవ్వడంలో తెలుగువాళ్లు ఎవరికీ తీసిపోరు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లకు సారా దుకాణం ఏళ్ల నాటి బాధే. అక్షరాస్యత తరగతుల్లో ఆ బాధకు మాటలు దొరికాయి. 1992లో వారూ, వారి వెనక కదిలిన ఊళ్లవాళ్లూ సారా వేలంపాటలకు అడ్డం నిలిచారు. వేలానికి తేదీ ఉండేది, కలెక్టరేట్‌లో జరిగేది, ఆగిపోతే ప్రభుత్వం మళ్లీ తేదీ ప్రకటించాల్సి వచ్చేది. వాయిదా పడిన ప్రతి వేలమూ ఒక వార్త అయింది. 1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలు మొదలుపెట్టి ఉండటం వల్ల ఊరి వార్తకు పేజీ సిద్ధంగా ఉంది. ఆ పత్రిక ఉద్యమాన్ని భుజాన వేసుకుంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పత్రిక లేకపోతే ఉద్యమం ఉండేది కాదని కొందరు, ఉద్యమం లేకపోతే పత్రికకు రాయడానికి ఏముండేదని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. మనకు పనికొచ్చే సంగతి ఒకటే. వారు 'సారా చెడ్డది' అని ప్రెస్ నోట్ ఇవ్వలేదు. ప్రభుత్వ క్యాలెండర్‌లో సారాకున్న తేదీని పట్టుకున్నారు.

నల్గొండది ఇంకా తెగువ ఉన్న ఉదాహరణ. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోవడం కంటే నెమ్మదైన విపత్తు ఏముంటుంది? 1996 లోక్‌సభ ఎన్నికల్లో దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పిలుపుతో జనం నామినేషన్ల మీద నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. అంతకాలం లోపలి పేజీల్లో కూడా చోటు దొరకని నీళ్లు ప్రపంచ పత్రికల దాకా వెళ్లాయి. అదే ఏడాది పార్లమెంటు లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచేసింది. 2019లో నిజామాబాద్ రైతులు అదే బాట పట్టారు. పసుపు బోర్డు కోసం వారు వేసిన నామినేషన్లతో 185 మంది పోటీలో మిగిలారు. జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది 2025 జనవరి 14న. వార్తకూ ఫలితానికీ మధ్య దాదాపు ఆరేళ్లు పట్టాయి. ప్రెస్ క్లిప్పింగ్ ఫ్రేము కట్టించుకుని ఊరుకునేవాళ్లు ఈ ఆరేళ్లను గుర్తు పెట్టుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. తేదీ వెతకడం వేరు, తమాషా సృష్టించడం వేరు. రోడ్డు గుంతలో వరినాట్లు వేయడం, నిలిచిన నీళ్లలో గాలం వేయడం మన జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు. మొదటిసారి చేసినవారి చమత్కారానికి దండం పెట్టవచ్చు. వందోసారి అది ఫొటోకు ఎక్కువ, రోడ్డుకు తక్కువ. ఆ ఫొటో కింద కాంట్రాక్టు ఎవరిది, నిర్వహణ గడువు ఎప్పటి దాకా, బిల్లు చెల్లించారా లేదా అనే మూడు వాక్యాలు ఉంటే దాని బలం వేరు. నల్గొండ, నిజామాబాద్ నామినేషన్లు నిలబడింది అవి వింతగా ఉన్నందుకు మాత్రమే కాదు. వాటి వెనక నీళ్లున్నాయి, పంట ఉంది, చట్టం ఇచ్చిన హక్కు ఉంది.

మరి తాండూరు దుమ్ముకు తేదీలు ఎక్కడ దొరుకుతాయి? వెతికితే ఏడాది పొడవునా ఉన్నాయి. పర్యావరణ అనుమతి పొందిన గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు అనుమతి షరతులను ఎలా పాటిస్తున్నదీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలని 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ చెబుతోంది. అవి జనం చూడదగ్గ పత్రాలు. సెప్టెంబరు 30 నాటికి కాలుష్య నియంత్రణ మండలికి వార్షిక పర్యావరణ ప్రకటన అందాలి. కొత్త గనికో విస్తరణకో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు రావాలి, సభ మొత్తాన్ని వీడియో తీయాలి. గాలిలో పీఎం 10 అనే సూక్ష్మ ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు మించకూడదన్నది దేశమంతటికీ వర్తించే ప్రమాణం. మున్సిపల్ బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి కేటాయించాలని 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం అంటోంది. ఆ బడ్జెట్ సమావేశానికీ ఒక తేదీ ఉంటుంది. ఇప్పుడు 'దుమ్ముతో చస్తున్నాం' అన్న ప్రెస్ నోట్‌ను పక్కన పెట్టి ఇలా ఆలోచించండి: ఫలానా అనుమతిలో లారీల మీద టార్పాలిన్ కప్పాలని, రోడ్డు మీద రోజూ నీళ్లు చల్లాలని షరతు ఉందా? జూన్ 1 నాటి నివేదికలో పాటిస్తున్నామని రాశారా? జూన్ 2న రోడ్డు ఎలా ఉంది? ఆ రెండు కాగితాలూ ఆ రోడ్డు ఫొటోలూ చేతిలో ఉంటే సబ్ ఎడిటర్ అడిగే 'ఈ రోజే ఎందుకు' అన్న ప్రశ్నకు ముందే జవాబు చెప్పినట్టే.

డబ్బు సంగతి ఇంకా ముఖ్యం. అందరూ మరచిపోయేది కూడా అదే. 2015లో గనుల చట్టాన్ని సవరించినప్పుడు ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు పెట్టాలన్నారు. సిమెంటుకు వాడే సున్నపురాయి వంటి ప్రధాన ఖనిజాల లీజుదారులు రాయల్టీ మీద అదనంగా ఈ ట్రస్టుకు కట్టాలి. పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం, కొత్తవైతే 10 శాతం. ఆ నిధిలో కనీసం 60 శాతం తాగునీరు, కాలుష్య నివారణ, ఆరోగ్యం, చదువు వంటి వాటికే ఖర్చు పెట్టాలని అప్పటి ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కల్యాణ యోజన మార్గదర్శకాల్లో రాశారు. అంటే గని పక్క ఊరి దుమ్ముకు చట్టమే ఒక ఖాతా తెరిచింది. ఆ ఖాతాలో మీ మండలానికి ఎంత వచ్చింది, దేనికి పోయింది అని అడగడానికి ఏ పార్టీ జెండా అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. జవాబు వస్తే వచ్చిన రోజు ఒక తేదీ. రాకపోతే ముప్పై ఒకటో రోజు ఇంకో తేదీ. వాడ అభివృద్ధి కోసం మీడియాతో పని చేయాలనుకునేవారికి నేనిచ్చే మొదటి సలహా విలేకరి ఫోన్ నంబరు సంపాదించమని కాదు. పది రూపాయలు పెట్టి దరఖాస్తు వేయమని.

కాగితాలు చేతికొచ్చాక రాత చిన్న పని. ఒక పేజీ చాలు. మొదటి రెండు వాక్యాల్లో ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ, ఎంతమందికి. తర్వాత ఏ నియమం ప్రకారం ఏం జరగాలి. ఆ తర్వాత ఎవరు చేయాలి: పేరు కంటే హోదా, కార్యాలయం ముఖ్యం. చివర మీరు కోరేదేమిటో ఒక్కటే, కొలవదగ్గది. 'తగు చర్యలు తీసుకోవాలి' అని రాస్తే ఏ చర్యా తీసుకోనక్కర్లేదని అనుమతి ఇచ్చినట్టే. 'వర్షాలు మొదలయ్యేలోగా ఫలానా కూడలి నుంచి ఫలానా గేటు దాకా రోడ్డు పక్క పేరుకున్న రాతిపొడిని ఎత్తివేయాలి' అని రాయండి. విశేషణాలు కొట్టేయండి. సన్మానపత్రాలకు అలవాటుపడిన మన ప్రెస్ నోట్లలో మొదటి పేరా అంతా హాజరైన పెద్దల పేర్లతో నిండిపోతుంది. డెస్క్‌లో కత్తెర పడేదీ అక్కడే, ఆ కత్తెరతో పాటు అసలు సంగతీ పోతుంది.

ఎవరికి ఇవ్వాలన్నది ఇంకో విద్య. మండల స్థాయిలో రాసే కంట్రిబ్యూటర్లలో చాలామందికి నెల జీతం లేదు. వార్త అచ్చయిన మేరకు వచ్చేది తక్కువ, ప్రకటనలు తెమ్మన్న ఒత్తిడి ఎక్కువ. అలాంటి మనిషికి దీపావళి ప్రకటన ఇచ్చే ఫ్యాక్టరీ గురించి రాయమనడం అతని కడుపు మీద కొట్టమనడమే. అతన్ని ఇరుకున పెట్టకండి. కాగితాలున్న ఫైలును అతనికీ, జిల్లా స్టాఫ్ రిపోర్టర్‌కూ, హైదరాబాద్‌లో పర్యావరణం రాసేవారికీ వారి వారి అవసరాన్ని బట్టి ఇవ్వండి. మండల విలేకరికి వీధి వార్త, జిల్లా రిపోర్టర్‌కు నిధుల లెక్క, నగరంలోని వ్యాసకర్తకు విధానం. అందరికీ ఒకే కాగితం జిరాక్సు తీసి పంపితే అందరూ దాన్ని రెండో తరగతి సరుకుగానే చూస్తారు. తాండూరు విషయంలో ఇంకో మాట. అది కన్నడ దేశపు అంచున ఉన్న ఊరు, ఉర్దూ చదివే ఇళ్లున్న ఊరు. కాగ్నా నది అక్కడి నుంచి కర్ణాటకలోకి వెళ్లి భీమలో కలుస్తుంది. ఒక్క తెలుగు నోట్‌తో ఊరుకుంటే ఊళ్లో కొంత భాగాన్నీ, ఏటి దిగువన ఉన్నవారందరినీ వదిలేసినట్టే.

అవతలి పక్షం మాట కూడా మీరే తెచ్చివ్వండి అంటే చాలామంది ఆశ్చర్యపోతారు. ఫ్యాక్టరీ ఏమంటోంది, మున్సిపల్ కమిషనర్ ఏమంటున్నారు, నాపరాయి వ్యాపారుల ఇబ్బంది ఏమిటి? విలేకరి ఎలాగూ వర్షన్ తీసుకోవాలి. అది దొరక్కే చాలా వార్తలు ఆగిపోతాయి. రాతపూర్వకంగా అడిగి, జవాబుకు గడువిచ్చి, వచ్చిందీ రానిదీ ఫైలులో పెట్టండి. ఆధునిక ప్రెస్ నోట్ పుట్టుక కథే ఇందుకు సాక్ష్యం. 1906 అక్టోబరులో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు నీళ్లలో పడి యాభై మందికి పైగా చనిపోయినప్పుడు, పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌కు పని చేస్తున్న ఐవీ లీ కంపెనీ పక్షాన జరిగింది జరిగినట్టు రాసి పత్రికలకు ఇచ్చాడు, విలేకరులను ఘటనాస్థలికి తీసుకువెళ్లే ఏర్పాటూ చేశాడు. తర్వాతి కాలంలో ఆ పెద్దమనిషి చేసిన పనులన్నీ మెచ్చదగ్గవి కావు, అది వేరే కథ. దాచకపోవడం కంపెనీకే లాభించిందన్నది మాత్రం మన వృత్తి నేర్చుకున్న మొదటి పాఠం. కంపెనీకి పనికొచ్చిన ఆ పాఠం కాలనీ సంఘానికి రెండింతలు పనికొస్తుంది, ఎందుకంటే కాలనీకి దాచవలసింది తక్కువ.

అభ్యంతరాలు లేవని కాదు. అన్నిటికంటే బలమైనది ఇది: డబ్బున్నవాడి వార్తే వస్తుంది, పద్ధతులు నేర్చుకుని ఏం లాభం? ఇది గాలిమాట కాదు. 2009 ఎన్నికల తర్వాత చెల్లింపు వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన కె. శ్రీనివాస్ రెడ్డి ఉన్నారు. 2010లో వారిచ్చిన నివేదిక ఆ రోగాన్ని పేర్లతో సహా బయటపెట్టింది. రోగం తగ్గిందని నేనూ చెప్పలేను. కానీ డబ్బు ఎక్కువగా కొనేది పొగడ్తను, లేదా మౌనాన్ని. మౌనం కొనాలంటే అందరి దగ్గరా కొనాలి. అధికారిక కాగితం ఉన్న వార్త ఒక పత్రికలో ఆగితే రెండో పత్రికలో రావచ్చు, అక్కడా ఆగితే కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీకి జతపడవచ్చు, హైకోర్టులో పిటిషన్‌కు జతపడవచ్చు. కాగితం లేని ఆవేశాన్ని ఆపడానికి మాత్రం డబ్బు కూడా అక్కర్లేదు, ఒక్క ఫోన్ చాలు.

వాట్సాప్ ఉండగా పత్రికలెందుకన్నది రెండో మాట. వీడియో ఒక పూటలో ఊరంతా తిరుగుతుంది, నిజమే. మర్నాటికి దాన్ని ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో, ఏ వీధిదో తెలియదు. పక్క జిల్లా రోడ్డును మన రోడ్డని పంచుకున్న సందర్భాలకు కొదవ లేదు. అచ్చయిన వార్తలో తేదీ ఉంటుంది, బాధ్యుడి వివరణ ఉంటుంది, తప్పయితే సవరణ అడిగే చోటు ఉంటుంది. కలెక్టర్ కార్యాలయానికి రోజూ పత్రికల కత్తిరింపులు వెళ్తాయి, సంబంధిత శాఖ నుంచి వివరణ అడుగుతారు. పత్రికా వార్తను చూసి హైకోర్టు తనంతట తాను కేసు చేపట్టిన సందర్భాలూ ఉన్నాయి. వాట్సాప్‌ను సాక్ష్యం పోగుచేయడానికి వాడండి. తేదీ, చోటు రాసి ఫొటో పెట్టమని గుంపులో అందరికీ చెప్పండి.

మూడోది ఊరి పరువు. దుమ్ము ఊరని పేరు పడితే నాపరాళ్లు ఎవరు కొంటారు, కందిపప్పు ఎవరు కొంటారు, పిల్లనెవరిస్తారు? ఈ మాట అనేవాళ్లంతా స్వార్థపరులని కొట్టిపారేయలేం. గనిలో, పాలిషింగ్ యూనిట్‌లో, లారీ మీద బతికే కుటుంబాలు ఆ ఊళ్లో వేల సంఖ్యలో ఉన్నాయి. అందుకే ఫ్యాక్టరీ మూసేయాలన్న నినాదంతో మొదలయ్యే ప్రచారం ఊరిని రెండుగా చీలుస్తుంది, సమస్యను ఉన్నచోటే ఉంచుతుంది. టార్పాలిన్, నీళ్ల ట్యాంకరు, రాతిపొడికి వేరే డంపింగ్ చోటు, లారీలకు ఊరి బయటి దారి, ఇవి ఏ కూలీ నోటి దగ్గర కూడూ తీసేవి కావు. పైగా కందికి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊరికి శుభ్రమైన గాలి ఇప్పుడు వ్యాపార అవసరం కూడా. పొలం మీద పడే దుమ్ము గురించి రైతు కంపెనీ మాట్లాడితే దాన్ని అభివృద్ధికి అడ్డమని అనడం ఎవరికైనా కష్టం. అడిగేది ఎవరన్నదాని మీద సగం వార్త ఆధారపడుతుంది.

నాలుగో అభ్యంతరం మన వృత్తి మీదే: పీఆర్ అంటే రంగు పూయడం కదా, దానితో వాడకేం పని? రంగు పూసేవాళ్లు ఉన్నారు, వారి ఫీజులూ పెద్దవే. వారికి జవాబు మాటల్లో దొరకదు. మీ ఫైలులో ఒక్క అంకె తప్పుగా ఉండకూడదు, ఒక్క ఫొటో పాతది కాకూడదు, ఆస్పత్రిలో వంద మంది చేరారని అనుమానంతో రాయకూడదు. ఒక్కసారి అతిశయోక్తి దొరికితే ఆ తర్వాత మీరిచ్చే నిజాన్ని కూడా విలేకరి రెండుసార్లు తిప్పి చూస్తాడు, అవతలివాడికి వేరే జవాబు అవసరం లేకుండా పోతుంది. లాయరు లేని కక్షిదారు తన దస్తావేజులను తానే సర్దుకున్నట్టు వాడ మనుషులు తమ ఫైలును తామే కట్టుకోవాలి. ఇంటర్ చదివిన ఇద్దరు పిల్లలు, రిటైరైన ఒక గుమాస్తా, వార్డు కమిటీలో ఉన్న ఒక ఆడమనిషి, ఈ నలుగురూ నెలకు రెండు సాయంత్రాలు కూర్చుంటే జరిగే పని ఇది.

వార్త వచ్చిన రోజు పని సగమే అయింది. ఆ కత్తిరింపును అర్జీకి జతచేసి వచ్చే సోమవారం ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి. అధికారి చెప్పిన గడువును అందరికీ కనపడే క్యాలెండర్ మీద రాయండి. గడువు దాటితే అదే విలేకరికి ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పండి, ఫాలోఅప్ రాయడం అతనికి కొత్త వార్త కంటే తేలిక. పని జరిగితే ఆ సంగతీ చెప్పండి. సమస్య రాయమని అడిగినవారిలో నూటికి తొంభై మంది రోడ్డు పడ్డాక ఫోన్ చేయరు. రోడ్డు వేసిన ఇంజనీరు పేరు, వేసిన తేదీ, అయిన ఖర్చు రాసి పంపిన కాలనీ నోట్‌ను డెస్క్‌లో ఎవరూ బుట్టలో వేయరు, ఆ కాలనీ నుంచి వచ్చే తర్వాతి కవరును ముందు తెరుస్తారు. కాబట్టి తాండూరులో ఉన్నా, మరెక్కడ ఉన్నా, ఈ పుస్తకం పక్కన పెట్టే ముందు ఒక తెల్లకాగితం తీసుకుని మీ వీధి సమస్య పక్కన రాబోయే పన్నెండు నెలల్లో దానికి సంబంధించిన ప్రభుత్వ తేదీలు ఏమేం ఉన్నాయో రాయండి. నాలుగు దొరికితే పని మొదలుపెట్టడానికి చాలు.